అందరికీ సెప్పినానమ్మా

పిల్లల వార్డులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన హెడ్ నర్సుని నేను. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు కొందరు ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండమ్మా" అని అడిగారు. పాము కాటు గురించో, కవలల గురించో చెబుతాననుకున్నారు కాబోలు. నేను పసిబిడ్డ దొడ్డి గురించి మొదలుపెట్టేసరికి ఒకమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. తీయమన్నాను. ముక్కు మూసుకునేవాళ్లు పిల్లల వార్డుకి పనికిరారు. ఆ రోజు వాళ్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని చూశాను, అది చల్లారేలా లేదు.

మా ఆసుపత్రికి సాలూరు వైపు నుంచీ, బొబ్బిలి వైపు నుంచీ, కొండ మీది ఊళ్ల నుంచీ జనం వచ్చేవారు. పసిబిడ్డ నాలుగు రోజులు దొడ్డికి వెళ్లకపోతే మా వైపు ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెడతారు. అది లేకపోతే సబ్బు ముక్క చెక్కి పెడతారు. ఉగ్గుగిన్నెతో ఆముదం పోస్తారు. బిడ్డ ఏడుస్తూ పీల్చినప్పుడు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో నేను చూశాను, చూడకూడనన్ని సార్లు చూశాను. ఇవన్నీ ఒక ఎత్తు, తల్లిని సాధించడం ఒక ఎత్తు. ఏటి తిన్నావు, ఎందుకు తిన్నావు, నీ పాలు వేడి చేశాయి. ఆమె కంచంలోంచి కూరలు తీసేస్తారు. మంచినీళ్లు కూడా లెక్కగట్టి ఇస్తారు. పాలిచ్చే మనిషికి నీళ్లు తగ్గించమని ఏ వైద్యం చెప్పిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

నిజానికి నెల దాటిన బిడ్డ, ఒట్టి తల్లిపాలే తాగే బిడ్డ, కొన్ని రోజుల పాటు వెళ్లకపోయినా కంగారుపడక్కర్లేదు. బాగా తాగుతూ, ఒళ్లు చేస్తూ, పొట్ట మెత్తగా ఉండి, వెళ్లినప్పుడు మెత్తగా వెళితే చాలు. మొహం ఎర్రగా చేసుకుని ముక్కినంత మాత్రాన అది మలబద్ధకం కాదు, వాడికి ఆ పని ఇంకా కొత్త. ఈ సంగతి నేను ఎన్ని వందల మంది తల్లులకి చెప్పి ఇంటికి పంపించానో.

అది నిజమే. ఆ నిజాన్నే సగం పట్టుకుని ఒక బిడ్డని చావు గుమ్మం దాకా తీసుకెళ్లారు.

ఆ తల్లిది పొందూరు దగ్గర పల్లె. వాళ్లమ్మ నూలు వడికేది. సాలూరులో ఒక లారీ డ్రైవరుకిచ్చి పెళ్లి చేశారు. అతను నెలలో సగం రోజులు రాయపూరు దారిలోనే ఉండేవాడు. అత్త లారీల స్టాండు దగ్గర టిఫిన్ల బండి నడిపేది. డ్రైవర్లనీ క్లీనర్లనీ నోటితోనే అదుపులో పెట్టిన మనిషి. ఆమె మాట్లాడుతుంటే ఇంట్లో ఇంకెవరి మాటా వినిపించేది కాదు. కోడలికి సహజంగానే గొంతు చిన్నది. ఆ ఇంటికొచ్చాక అది ఇంకా చిన్నదైపోయింది.

మొదటి కాన్పు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఆపరేషన్ చేసి మగబిడ్డని తీశారు. మూడో నెలలో ఒక ఆదివారం పొట్ట ఉబ్బిందని మా ఆసుపత్రికి తెచ్చారు. ఆ రోజు పిల్లల డాక్టరుకి సెలవు. డ్యూటీలో ఉన్న పెద్ద డాక్టరు గారు చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. సగం విని పూర్తి జవాబు చెప్పే అలవాటు మాత్రం ఉంది. "తల్లిపాలు తాగే పిల్లలు వారం దాకా వెళ్లకపోయినా నార్మలేనమ్మా" అని, గ్యాసుకి చుక్కలు రాసి, అత్త ఊరుకోకపోవడంతో ఒక రోజు ఉంచుదామని వార్డులో పడుకోబెట్టారు. బిడ్డ తల్లిపాలు మానేసి చాలా రోజులైందని, డబ్బా పాలు తాగుతున్నాడని ఆయనకి తెలీదు, అడగలేదు. అడిగినా అత్తే జవాబు చెప్పేది.

సోమవారం పొద్దున్న నేను డ్యూటీకి వెళ్లేసరికి వార్డంతా పండగలా ఉంది. ఆ అత్త గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"నర్సమ్మా, అయిపోనాది. తెల్లారగట్ల నుంచి పారతన్నాది. గుడ్డ మీద గుడ్డ తడిసిపోతన్నాది. నిన్న రేతిరి సెంచాడు ఆముదం ఏసినాను, అది పనిసేసినాది. మీ సుక్కలు కాదు."

మా స్టాఫ్ నర్సు అప్పటికే డిశ్చార్జి కాగితాలు సర్దుతోంది. "మోషన్ అయిపోయింది సిస్టర్, పంపించేద్దాం. బెడ్డు ఖాళీ అవుతుంది" అంది. తప్పు పట్టను. ఒక్కో మంచానికి ఇద్దరేసి పిల్లలున్న రోజులవి.

అందరూ సంతోషంగా ఉన్నారు, తల్లి తప్ప. ఆమె మంచం చివర కూర్చుని బిడ్డని ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తోంది. ఏడవడం లేదు. ఏడిచే ఓపిక కూడా అయిపోయిన మొహం అది. నేను దగ్గరికి వెళ్లి, "ఏటమ్మా, బాగైపోనాది కదా, ఎల్లిపోతారా?" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని బిడ్డ పొట్ట మీద పెట్టింది. 

పొట్ట డప్పులా ఉంది. ఒళ్లు కాలిపోతోంది. గుడ్డ మీద ఉన్నది పిల్లల విరేచనం కాదు, మురుగు వాసన. బిడ్డ కళ్లు తెరిచే ఉన్నాయి కానీ తల్లి మొహం మీద నిలవడం లేదు.

"ఇది బాగవడం కాదమ్మా" అందామె. "ఆడు నన్ను సూడతం నేదు."

స్టాఫ్ నర్సు చేతిలోని కాగితాలు పక్కన పెట్టించి నేనే పరిగెత్తాను పిల్లల డాక్టరు కోసం. ఆయన కడప వైపు అబ్బాయి, కొత్తగా వచ్చాడు. మా యాస సగమే అర్థమయ్యేది. అర్థం కాకపోతే అర్థమైనట్టు తల ఊపకుండా నా వైపు తిరిగి "ఏమంటోంది సిస్టర్?" అని అడిగేవాడు. ఆ ఒక్క గుణం చూసే నేను ఆయన్ని గౌరవించాను. అడగడానికి సిగ్గుపడని డాక్టర్లు ఎక్కువ మంది తగలలేదు నాకు.

ఆయన పొట్ట చూశాడు. చిటికెన వేలికి తొడుగు వేసుకుని లోపల పరీక్ష చేశాడు. వేలు తీయగానే గాలీ నీళ్లూ కలిసి ఒక్క పెట్టున చిమ్మాయి. ఆయన చొక్కా, నా చీర, మంచం, అన్నీ పాడయ్యాయి. ఉబ్బిన పొట్ట మా కళ్ల ముందే కొంచెం జారింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు చొక్కా కేసి చూసుకోలేదు. తల్లినే చూశాడు.

"బిడ్డ పుట్టినాక మొదటిసారి నల్లగా, జిగటగా విరేచనం అవుతుంది కదమ్మా. అది ఎప్పుడైంది?"

ఆమెకి ఆయన మాట అర్థమైందో లేదోనని నేను మా మాటలో అడగబోయాను. అక్కర్లేకపోయింది. 

"రెండు రోజులు అవనేదు బాబూ. మూడో నాడు నర్సింగ్ హోములో ఆయమ్మ సబ్బు ముక్క ఎడితే అప్పుడొచ్చినాది. ఆ తరవాత ఏదో ఒకటి ఎడితేనేగానీ ఆడంతట ఆడు ఎప్పుడూ ఎల్లనేదు. ఒక్క పాలీ ఎల్లనేదు."

డాక్టరు కళ్లు మూసి తెరిచాడు. అప్పుడు నేను అన్నాను, అనకుండా ఉండలేక: "మరి ఇన్నాళ్లూ ఎవరికీ సెప్పనేదేటమ్మా?"

"అందరికీ సెప్పినానమ్మా."

గొంతు పెంచలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఎవరు ఎక్కడ ఏమన్నారో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. నర్సింగ్ హోములో డాక్టరమ్మకి చెబితే, ఆపరేషన్ పిల్లలకి అలాగే ఉంటుందంది. ఇంటికొచ్చి అత్తకి చెబితే, నా ముగ్గురు పిల్లల్ని నువ్వు పెంచావా అంది. వీధి చివర మందుల కొట్టాయనకి చెబితే గ్రైపు వాటరు సీసా చేతిలో పెట్టాడు. ఆరెంపీకి చెబితే, మాట పూర్తి కాకుండానే దొడ్డి అయ్యే మందు బత్తీ పెట్టి పంపేశాడు, వారం వారం రమ్మన్నాడు. పాలు మంచివి కావని పక్కింటావిడ అంటే, ఆ మాట మాత్రం అందరూ విన్నారు, డబ్బా పాలు తెచ్చారు. నిన్న పెద్ద డాక్టరు గారికీ చెప్పబోయింది. ఆయన నవ్వి నార్మలన్నారు.

ఇప్పుడు చెప్పండి, కోపం రాదా? ఒక బిడ్డ దొడ్డి గురించి ఊరంతా మాట్లాడారు. అత్త మాట్లాడింది, పక్కింటివాళ్లు మాట్లాడారు, కొట్టాయన మాట్లాడాడు, మేం మాట్లాడాం. రేయింబవళ్లు ఆ బిడ్డ గుడ్డలు మార్చిన ఒకే ఒక మనిషికి మాత్రం మాట పూర్తి చేసే అవకాశం మూడు నెలల్లో దొరకలేదు. మందులన్నీ దొరికాయి. ఒక ప్రశ్న దొరకలేదు.

డాక్టరు చెప్పింది నేను వాళ్లకి మా మాటలో చెప్పాను. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే పేగు చివరి ముక్కలో నరాలు ఉండవు. పేగు ఎప్పటికప్పుడు ముందుకి తొయ్యాలి, ఆ ముక్క తొయ్యదు, బిగుసుకుని ఉంటుంది. పైనుంచి వచ్చేదంతా అక్కడే నిలిచిపోతుంది. నిలిచి నిలిచి పేగు చీము పట్టినట్టు అవుతుంది. అప్పుడు ఇలా నీళ్లలా పారుతుంది. అది రోగం తగ్గడం కాదు, ముదరడం.

 అత్త మెల్లగా అంది. "కొండ ఘాటీలో ఒక లారీ అడ్డం పడిపోతే ఎనకాల బళ్లన్నీ నిలిచిపోతాయి. అలాగా?"

"అలాగే."

"మరి నాను ఆముదం పోసి ఎనకనుంచి ఇంకా బళ్లు తోలినానన్నమాట."

 ఆమెకి అర్థమైంది, అది చాలు.

మేం బిడ్డకి నోటి పాలు ఆపేశాం. సెలైన్ పెట్టాం, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. సన్నటి గొట్టంతో గోరువెచ్చని సెలైన్ నీళ్లు కొంచెం కొంచెంగా లోపలికి పంపి బయటికి తీశాం. డాక్టరు విశాఖ పెద్దాసుపత్రికి ఫోన్ చేసి పిల్లల సర్జన్లతో మాట్లాడాడు. వెంటనే పంపించమన్నారు. ముందు పేగు శుభ్రపరిచి ఇన్ఫెక్షన్ తగ్గించాలి. తర్వాత పొట్ట మీద చిన్న ద్వారం పెట్టి దొడ్డి అక్కడి నుంచి వచ్చేలా చెయ్యాలి. బిడ్డ కొంచెం పెద్దయ్యాక, పనిచెయ్యని ముక్క తీసేసి, మంచి పేగుని కిందికి కలిపి, ఆ ద్వారం మూసేస్తారు.

పొట్ట మీద ద్వారం అనగానే గొడవ మొదలైంది. ఈలోపు అత్త తమ్ముడు వచ్చాడు. బొబ్బిలిలో కిరాణా కొట్టు ఉంది ఆయనకి. కాన్పు ఎక్కడ చేయించాలన్నది కూడా ఆయనే తేల్చాడట.

"పొట్ట మీద దొడ్డా? రేపు నలుగురూ ఏటనుకుంటారు? మగ పిల్లోడు" అని అక్కగారితో అని, ఫోన్ తీసి నర్సింగ్ హోముకి కలిపాడు. అందరూ వినేలా స్పీకరు పెట్టాడు. అవతలి నుంచి డాక్టరమ్మ గొంతు హాయిగా ఉంది. గవర్నమెంటు వాళ్లు ఊరికే భయపెడతారు, తీసుకొచ్చేయండి, ఎనీమా ఇచ్చి పంపించేస్తానంది.

నేను చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాను. అలా తీసుకోకూడదు, నాకు తెలుసు.

"నమస్కారం డాక్టరు గారూ, పిల్లల వార్డు హెడ్ నర్సుని మాట్లాడుతున్నాను. ఈ బిడ్డ మీ దగ్గరే పుట్టాడు. రెండు రోజులు నల్ల విరేచనం కాలేదని తల్లి మీకు చెప్పిందా, లేదా?"

డాక్టరమ్మ గొంతు మారింది. "సిజేరియన్ పిల్లల్లో లేటవుతుంది సిస్టర్. మీ పని మీరు చూసుకోండి."

"అదే చూసుకుంటున్నానండి" అని ఫోన్ ఆయనకి ఇచ్చేశాను. 

అత్త తమ్ముడు మా డాక్టరు వైపు తిరిగి, మా సొంత పూచీ మీద తీసుకెళ్తామని రాసిస్తామన్నాడు. డాక్టరు ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. మాలా కొంచెం కొంచెంగా కాకుండా ఇప్పుడు ఒక్కసారిగా ఎనీమా ఇస్తే ఉబ్బిన పేగు చిరిగిపోవచ్చు, సాయంత్రం దాకా కూడా ఆగలేం అన్నాడు. ఆయన వినలేదు. పెన్ను అడిగాడు.

అప్పుడు ఆ పిల్ల లేచి నిలబడింది. బిడ్డని భుజాన వేసుకుని, రెండో చేత్తో సెలైన్ గొట్టం జాగ్రత్తగా పట్టుకుని.

"మావా, మూడు నెల్లు మీరందరూ ఏది సెప్తే అది సేసినాను. కూర తినొద్దంటే మానేసినాను. పాలు మానిపించమంటే మానిపించినాను, గుండెలు గడ్డ కట్టీసి ఏడిసినాను. ఇంక నాను ఎవరి మాటా ఇనను. ఇశాపట్నం ఎల్తాను. మీరొచ్చినా ఎల్తాను, రాకపోనా ఎల్తాను."

వార్డులో ఉన్న తల్లులంతా అటే చూస్తున్నారు. అత్త తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. ఆ అక్క, ఇన్నాళ్లూ ఇంట్లో ఇంకెవర్నీ మాట్లాడనివ్వని మనిషి, కొడుక్కి ఫోన్ చేసి కోడలి చెవి దగ్గర పెట్టింది. అతను ఎక్కడో రోడ్డు పక్కన బండి ఆపి మాట్లాడుతున్నాడు, లారీల హారన్లు వినిపిస్తున్నాయి. కోడలు చెప్పింది. అతను తల్లికి ఇమ్మన్నాడు.

"అమ్మా, అది ఎలాగంటే అలాగే సెయ్యండి. ఆడు పుట్టిన కాడ్నుంచీ అది ఇదే మాట సెప్తన్నాది. నానే బండి మీద ఉండిపోయి ఇనిపించుకోనేదు. నాను బండి అప్పజెప్పీసి ఇశాపట్నం వచ్చెత్తాను."

తమ్ముడు అడిగిన పెన్ను ఎవరూ ఇవ్వలేదు.

అంబులెన్సులో నేను కూడా వెళ్లాను. దారిలో గొట్టం సంగతి చూసేవాళ్లు కావాలి, ఆ పని ఇంకెవరికీ అప్పజెప్పాలనిపించలేదు. విజయనగరం దాటాం. తల్లి బిడ్డ మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. అత్త నా పక్కన కూర్చుని కొంగు చివర మెలిపెడుతూ చివరికి అడిగింది.

"నర్సమ్మా, నిజం సెప్పు. నాను ఎట్టిన ఆకు తొడిమల వల్లే అయ్యిందా ఇది?"

అవునని చెప్పాలనిపించింది. పొద్దుటి నుంచీ ఉన్న కోపమంతా ఆ ఒక్క మాటలో ఆమె మీద దించేయొచ్చు. కానీ అది అబద్ధం.

"కాదు. అది పుట్టుకతో వచ్చిన జబ్బు. నువ్వు తెచ్చింది కాదు, నీ కోడలు తిన్నదాని వల్లా కాదు. కాకపోతే తొడిమ ఎట్టినప్పుడల్లా కొంచెం అవుతాది, అయ్యిందని మనం ఊరుకుంటాం. జబ్బు కనపడకుండా అలా కప్పుకుంటూ వచ్చినాం. నువ్వొక్కదానివే కాదు. సదువుకున్నోళ్లం కూడా అదే సేసినాం."

ఆమె తల వంచుకుంది. కాసేపటికి కోడలి వీపు మీద చెయ్యి వేసింది. కోడలు చెయ్యి తోసెయ్యలేదు, దగ్గరికీ జరగలేదు. అది చూసి నాకు ముచ్చటేసింది. అంత తొందరగా క్షమించేస్తే మనుషులకి ఏం తెలుస్తుంది?

విశాఖలో బిడ్డ కొన్నాళ్లు చాలా ప్రమాదంగానే ఉన్నాడు. సర్జన్లు రోజూ పేగు కడిగారు. జ్వరం దిగాక పొట్ట మీద ద్వారం పెట్టారు. పేగు ముక్క తీసి పరీక్షకి పంపితే మా డాక్టరు అనుమానమే నిజమైంది. తండ్రి రాయపూరు నుంచి వచ్చి ఆసుపత్రి వరండాలోనే పడుకున్నాడు. ఇంటికి వెళ్లాక ఆ ద్వారం చుట్టూ చర్మం ఒరిసిపోకుండా చూసుకోవడం పెద్ద పని. తల్లి అదంతా రెండు రోజుల్లో నేర్చేసుకుంది. పొందూరు నుంచి వాళ్లమ్మ ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డలు మూటకట్టి పంపించింది, తుడవడానికి అంతకంటే మంచివి ఉండవు. టిఫిన్ల బండి దగ్గర ఎవరో డ్రైవరు "ఏటప్పా, మీ మనవడికి పొట్ట మీదే అంటగదా" అని నవ్వితే, అత్త చేతిలో ఉన్న అట్లకాడ చూపించి, "నీకు కిందనుంచి అవతన్నాది కదా, అది దేవుడిచ్చిన వరం, దణ్ణం ఎట్టుకో" అందట. ఆ సంగతి కోడలే నాకు చెప్పింది, మొదటిసారి నవ్వుతూ.

రెండో ఆపరేషన్ కూడా అయింది. కలిపిన పేగు కుదురుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం వార్డు ఫోన్ మోగింది. తీస్తే ఆమే. "అమ్మా, ఆడంతట ఆడే ఎల్లాడు" అంది. రిసీవరు పట్టుకునే వార్డంతటికీ చెప్పాను. ఇంజక్షన్ వేయించుకుంటున్న పిల్లాడు కూడా ఏడుపు ఆపి నా వైపు చూశాడు. పిల్లల డాక్టరుకి అప్పటికే బదిలీ అయిపోయింది. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. మా యాస తెచ్చుకుని, "ఎలా ఉన్నాదంట, మెత్తగా ఉన్నాదా?" అని అడిగాడు.

కథ ఇక్కడితో ఆపేస్తే మీరు హాయిగా నిద్రపోతారు. కాబట్టి ఆపను.

ఆ తర్వాత జరిగిన ఒక రివ్యూ మీటింగులో నేను లేచి, ప్రైవేటైనా గవర్నమెంటైనా బిడ్డ పుట్టిన ప్రతిచోటా ఇంటికి పంపేముందు నల్ల విరేచనం ఎప్పుడైందో తల్లిని అడగాలని అన్నాను. ఒక రోజు దాటితే డాక్టరుకి చెప్పాలి, రెండో రోజు దాటితే అసలు ఇంటికే పంపకూడదన్నాను. పొట్ట ఉబ్బినా, పచ్చగా వాంతి చేసుకున్నా, ఒళ్లు చెయ్యకపోయినా, ఏదో ఒకటి పెడితేనే తప్ప వెళ్లకపోయినా దాన్ని గ్యాసనకూడదన్నాను. వేదిక మీదున్న పెద్దమనిషి వాచీ చూసుకుని, "టీ టైములో ఈ దొడ్డి గోల ఏమిటమ్మా" అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, పిల్లల్ని కన్నవాళ్లు. నేను నవ్వు ఆగేదాకా నిలబడి, మొదటి నుంచీ మళ్లీ చెప్పాను. రెండోసారి ఎవరూ నవ్వలేదు, కానీ ఎవరూ రాసుకోలేదు కూడా.

మా ఆసుపత్రి వరకు మాత్రం ఆ ప్రశ్న అడగకుండా ఏ తల్లినీ పంపనివ్వలేదు. కుర్ర నర్సులు నాకు చాటుగా "దొడ్డి సిస్టర్" అని పేరు పెట్టారు. పెట్టుకోనివ్వండి, అడిగితే చాలనుకున్నాను.

రిటైరయ్యే ముందు ఏడాది ఆ తల్లి రెండో కాన్పుకి మా ఆసుపత్రికే వచ్చింది. ఆడపిల్ల. పెద్ద పిల్లవాడు అప్పటికి వార్డులో మంచాల కింద దూరి పరిగెడుతున్నాడు. ఒకే తల్లి పిల్లల్లో ఈ జబ్బు మళ్లీ రావచ్చు కాబట్టి అందరం కాచుకుని ఉన్నాం. నేను రౌండ్సు ముగించుకుని ప్రసూతి వార్డు గుమ్మం దాకా వచ్చేసరికి, డ్యూటీ బల్ల ముందు అత్త నిలబడి ఉంది. బల్ల వెనక కొత్త నర్సమ్మాయి ఫోన్ చూసుకుంటోంది.

"నర్సమ్మా, పాపకి నల్లది అయిపోనాది. దానంతట అదే అయ్యింది, ఎవరూ ఏటీ ఎట్టనేదు. మా కోడలు సూసినాది, నాను సూసినాను."

"సరే, సరే" అంది ఆ అమ్మాయి ఫోన్ మీద నుంచి చూపు తీయకుండా.

అత్త కదల్లేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. లారీల స్టాండంతా వినిపించే ఆ గొంతుని బాగా తగ్గించి, ఒక్కొక్క మాటే అంది.

"ముందు తలెత్తు. మళ్లీ సెప్తాను, సూసి ఇను."

ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి తలెత్తింది.